చర్చికి పాత విద్యుదార్గను

గాలితిత్తులు, వందలాది గొట్టములు గల పైపు ఆర్గనును నిర్మించుకొనుట ధనవంతములైన సంఘములకే సాధ్యమైన కాలమున, 1935లో, అమెరికాలోని షికాగో నగరమునుండి ఒక క్రొత్త వాద్యము వెలువడెను. దాని నిర్మాత లారెన్స్ హామండు సంగీతవిద్వాంసుడు కాడు. విద్యుత్తుతో నడచు గడియారములు చేసిన ఇంజనీరు. పాత హామండ్ ఆర్గనును కొనదలచువారు మొట్టమొదట జ్ఞాపకముంచుకొనవలసిన సంగతి ఇదియే. ఆ గడియారములను నడిపిన విధమైన మోటారే ఈ వాద్యమునకును ప్రాణము.

ఆ మోటారు వేగము కరెంటులోని ఆవృత్తులను అనుసరించి యుండును. అది పండ్లచక్రముల మూలమున అరచేతిలో ఇమిడెడు లోహపు బిళ్లలను త్రిప్పును. పెద్ద నమూనాలలో ఇవి 91. ఒక్కొక్క బిళ్ల అంచు అలలవలె ఎగుడుదిగుడుగా నుండును. చెంతనే తీగ చుట్టిన అయస్కాంతపు కడ్డీ యొకటి యుండును. అంచు తిరిగినకొలది తీగలో సన్నని విద్యుత్తు ఊగులాడి, స్పీకరు చేరి స్వరమగును. పండ్లచక్రములలో ఒకదానితో నొకటి తప్పిపోవుట లేదు గనుక శ్రుతి చేయువానిని పిలువ నక్కరయే లేదు. మన హార్మోనియమునకైనను ఈ భాగ్యము లేదు! మూలస్వరమునకు స్వయంభూస్వరములను ఎంతెంత కలుపవలెనో వాయించువాడే తొమ్మిది డ్రాబార్లను లాగి నిర్ణయించుకొనును.

ఇది పైపు ఆర్గనుతో సమానమని కంపెనీవారు చాటగా, అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషను విచారణ జరిపి, 1938లో అట్టి ప్రకటనలను మానుమని ఆదేశించెను. ఆ తీర్పు న్యాయమైనదే. బాఖ్ కృతులను వినగోరువారికి ఇది తృప్తి నీయదు. సభ యంతయు గొంతెత్తి కీర్తన పాడునప్పుడు మాత్రము ఆ లోటు అంతగా తెలియదు. అమెరికాలోని నల్లజాతివారి చర్చీలు దీనికి లెస్లీ యను తిరుగుడు స్పీకరును జతచేసి, పైపు ఆర్గనుకు లేని గమకమును సాధించినవి.

ప్రసిద్ధికెక్కిన బి-3 నాలుగు కోళ్లపై నిలుచును. సి-3 లోపల అదియే; వాయించువాని కాళ్లు సభకు కనబడకుండ చుట్టును చెక్క మూసియుండును. రెంటికిని కాలిమెట్లు 25 మాత్రమే. పైపు ఆర్గనుపై శిక్షణ పొందినవారు 32 మెట్లు గల ఆర్‌టి-3 వెదకుకొనుట మేలు.

ఇక అసలు చిక్కు. అమెరికాలో కరెంటు సెకనుకు 60 ఆవృత్తులు, మనదేశమున 50. అచ్చటినుండి తెప్పించిన ఆర్గనుకు ట్రాన్స్‌ఫార్మరు తగిలించిన చాలునని తలచువారు కలరు. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని తగ్గించును గాని ఆవృత్తులను మార్చజాలదు. మోటారు ఆరింట ఐదుపాళ్ల వేగముతోనే తిరుగును. షడ్జపు మెట్టు నొక్కిన మంద్రస్థాయి చతుశ్శ్రుతి ధైవతము పలుకును! చందాలెత్తి కొన్న వాద్యము, ప్రక్కనున్న వేరొక కీబోర్డుతో నొక్క కీర్తనకైనను కలియదు. కావున వెనుకనున్న రేకుపై వోల్టులతోపాటు సైకిళ్ల సంఖ్యను చదువవలెను. 50 సైకిళ్లకై చేసినవియు కలవు. అది దొరకనిచో, 60 ఆవృత్తుల కరెంటును పుట్టించు సాధనము మోటారుకు అమర్చవలెను. ఆ ఖర్చును ముందే బేరములో లెక్కించుకొనవలెను. వోల్టేజి కొంచెము తగ్గినను శ్రుతి చెడదు గాని, జనరేటరు వేగము తూగులాడిన పాటయు తూగులాడును.

చూడబోయిననాడు స్టార్టు మీటను ఎనిమిది సెకనులు పట్టి, పిదప రన్ మీటను వేయవలెను. చక్రములకు నూలుదారముల గుండ నూనె చేరును. ఏండ్ల తరబడి మూలబడిన దానిలో నూనె గట్టిపడి చక్రములు బిగియును. తరువాత ఒక్కొక్క డ్రాబారును విడిగా లాగి మెట్లన్నియు నొక్కి వినవలెను. లోపము ఒక్క మెట్టులోనే యున్నచో స్పర్శతీగపై దుమ్ము పట్టియుండవచ్చును, అది చిన్నపని. వేర్వేరు డ్రాబార్లతో వేర్వేరు మెట్లలో అదే స్వరము లోపించుచున్నచో చక్రమునో, దాని తీగనో అనుమానింపవలెను. అప్పుడు ధర తగ్గించుటకంటె విడిచివచ్చుటయే ఉత్తమమని నా యభిప్రాయము.

పీటతో, కాలిమెట్లతో బి-3 బరువు 400 పౌనులకు పైమాటే. ఇరుకైన మేడమెట్లున్నవేమో ముందు చూచుకొనవలెను. కదిలించుటకు ముందు లోపలి చక్రముల పెట్టెను మరలతో బిగించి, క్రొత్త చోట దించిన పిమ్మట మరల వదులు చేయవలెను.