కిట్టు కాదు.. కిటుకే గెలిపించింది!

ఎంఐటీని అధిగమించిన అమెరికా ఉన్నత పాఠశాల రోబో బృందం
మన బడుల ప్రయోగశాలలకూ అనుసరణీయం

రోబో అనగానే లక్షల రూపాయల యంత్రం కళ్ల ముందు మెదులుతుంది. గ్రామీణ విద్యార్థులకు అది అందని ద్రాక్షేనన్న భావన నేటికీ ఉంది. ఈ కొరత తీర్చేందుకే నీతి ఆయోగ్ ఆధ్వర్యంలో 2016లో అటల్ టింకరింగ్ ల్యాబ్‌ల పథకం ప్రారంభమైంది. ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు చదివే విద్యార్థుల కోసం ఎంపికైన పాఠశాలలకు రూ.20 లక్షల వరకు గ్రాంటు, రోబోటిక్స్ కిట్లు, త్రీడీ ప్రింటర్లు సమకూర్చడం దీని ఉద్దేశం. ఐదేళ్లలో ప్రభుత్వ పాఠశాలల్లో మరో 50 వేల ల్యాబ్‌లు నెలకొల్పుతామని 2025-26 బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించింది. అయితే పరికరాలు చేతికందినంత మాత్రాన పోటీల్లో నెగ్గగలరా? ఈ ప్రశ్నకు 2004లో అమెరికాలో జరిగిన ఓ పోటీ చక్కని సమాధానమిస్తుంది.

పోటీ ఏమిటంటే..
నీటి అడుగున పనిచేసే రోబోలకు 'మేట్' అనే విద్యాసంస్థ ఏటా పోటీలు నిర్వహిస్తోంది. 2004 పోటీలు కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో జరిగాయి. మునిగిన జలాంతర్గామి నమూనాను పరిశీలించడం, దాని పొడవు కొలవడం, పీపాలోని ద్రవాన్ని సేకరించడం వంటి పనులను రోబోతో చేయించాలి. గట్టు మీద ఉన్నవారు కెమెరా దృశ్యాలు చూస్తూ తీగ ద్వారా దానిని నడిపిస్తారు.

అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్‌లోని కార్ల్ హేడెన్ ఉన్నత పాఠశాల నుంచి నలుగురు విద్యార్థులు ఇందులో పాల్గొన్నారు. నలుగురూ మెక్సికో నుంచి వలస వచ్చిన పేద కుటుంబాల పిల్లలే. ఉపాధ్యాయులు ఆలన్ కామెరాన్, ఫ్రెడీ లజ్వర్దీ వారిని కళాశాలల విభాగంలోనే బరిలోకి దింపారు. వారికి సమకూరిన సొమ్ము సుమారు 800 డాలర్లు మాత్రమే. ప్రత్యర్థుల్లో ఒకటైన ప్రఖ్యాత ఎంఐటీ బృందం వద్ద 10 వేల డాలర్లకు పైగా నిధులున్నాయి.

పీవీసీ గొట్టాలే ఆధారం
లోహపు చట్రం చేయించే స్తోమత లేక విద్యార్థులు పీవీసీ గొట్టాలను అతికించి రోబోను నిర్మించారు. ఆ జిగురు ఘాటు వాసనకు గుర్తుగా దానికి 'స్టింకీ' అని పేరు పెట్టారు. ద్రవ సేకరణకు చిన్న పంపు, బెలూన్ అమర్చారు. దూరం కొలిచేందుకు లేజర్ పరికరం వాడారు. నీటిలో కాంతి వేగం తగ్గుతుంది కనుక ఇటువంటి పరికరం అసలు దూరం కంటే దాదాపు మూడో వంతు ఎక్కువ చూపుతుంది. ఆ తేడాను లెక్కగట్టి సరిచేయాలి. పదో తరగతి భౌతికశాస్త్రంలోని వక్రీభవన పాఠమే ఇక్కడ అక్కరకు వస్తుంది.

తీరా పోటీ వేళకు విద్యుత్ పరికరాలున్న పెట్టెలోకి నీరు చేరింది. మహిళలు రుతుక్రమ సమయంలో వాడే టాంపన్లు దుకాణంలో కొని తెచ్చి లోపల అమర్చగా, అవి తేమను పీల్చుకుని రోబోను కాపాడాయి.

మార్కులు ఎక్కడ?
కొలనులో అత్యధిక మార్కులు ఎంఐటీకే దక్కాయి. అయినా తుది విజేత కార్ల్ హేడెన్ పాఠశాలే! ఇంజినీర్ల ఎదుట మౌఖిక పరీక్షకు, సాంకేతిక నివేదికకు కూడా ఇందులో మార్కులుండటమే అందుకు కారణం. ఏ భాగం ఎందుకు అమర్చారో విద్యార్థులు స్వయంగా వివరించగలిగారు. ఈ విజయగాథ ఆధారంగా 'స్పేర్ పార్ట్స్' అనే చలనచిత్రం 2015లో విడుదలైంది.

గెలిచినా తప్పని కష్టాలు
బహుమతి వచ్చినా ఉన్నత విద్య సులభం కాలేదు. నలుగురికీ అమెరికాలో చట్టబద్ధ నివాస పత్రాలు లేవు. అటువంటి విద్యార్థులు ఇతర రాష్ట్రాల వారితో సమానంగా అధిక ఫీజు చెల్లించాలని 2006లో అరిజోనా ఓటర్లు తీర్పునిచ్చారు. ఆ భారంతో నలుగురిలో ఒకరు చదువు మానుకోవలసి వచ్చింది. ఆస్కార్ వాస్క్వెజ్ మాత్రం 2009లో ఇంజినీరింగ్ పట్టా పొంది, స్వచ్ఛందంగా మెక్సికో వెళ్లి, అనుమతి లభించాక తిరిగివచ్చి అమెరికా సైన్యంలో చేరారు.

బడుల్లో చేయవలసింది
కిట్టులోని నమూనాను యథాతథంగా బిగిస్తే రోబో కదులుతుందేమో గానీ విద్యార్థికి విషయం బోధపడదు. బృందంలోని ప్రతి ఒక్కరూ ప్రతి భాగం గురించి చెప్పగలగాలి. విఫలమైన ప్రయత్నాలనూ తేదీలతో పుస్తకంలో నమోదు చేయాలి. పోటీకి ముందే పలుమార్లు పరీక్షించి లోపాలు సరిదిద్దుకోవాలి. వీటికి అదనపు ఖర్చేమీ ఉండదు. కావలసిందల్లా ల్యాబ్ తలుపులకు తాళం పడకుండా చూసే ఉపాధ్యాయుడు, చేసి చూసేందుకు విద్యార్థులకు తగినంత సమయం.