ఆర్డరు ఒకటి, అప్పగింత మరొకటి: కొత్త లారీ టైర్ల ఉదాహరణతో షరతులు, హామీలు

లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు:
• వస్తు విక్రయ ఒప్పందంలో షరతుకూ హామీకీ గల భేదాన్ని వివరించగలుగుతారు.
• ఆర్డరుకు సరిపోని సరుకు వచ్చినప్పుడు కొనుగోలుదారుకు ఉండే హక్కులను గుర్తించగలుగుతారు.
• 'స్వీకారం' అనే భావన ఆ హక్కులను ఎలా మార్చివేస్తుందో చెప్పగలుగుతారు.
• నష్టపరిహారాన్ని లెక్కగట్టే పద్ధతిని ఒక ఉదాహరణకు వర్తింపజేయగలుగుతారు.

1. పరిచయం

వస్తు విక్రయ చట్టం, 1930 గురించి చదివే విద్యార్థులు సెక్షన్లను కంఠస్థం చేస్తారు కాని, అవి నిజ జీవితంలో ఎక్కడ తగులుతాయో చెప్పమంటే తడబడతారు. అందువల్ల ఈ పాఠంలో ఒకే ఉదాహరణను మొదటినుంచి చివరివరకు పరిశీలిద్దాం. ఉదాహరణ కల్పితమే అయినా, ఇటువంటి వివాదాలు రవాణా రంగంలో మామూలే.

ప్రకాశం జిల్లా చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో ఇతరుల లారీలు నడిపిన ఒక డ్రైవరు సొంతంగా పది చక్రాల టిప్పరు కొనదలచాడు. కొంత సొమ్ము తాను కూడబెట్టింది, మిగిలినది బ్యాంకు రుణం. మామూలు మోడల్‌కు అన్ని చక్రాలకూ రిబ్ టైర్లు వస్తాయనీ, అదనపు ధర చెల్లిస్తే వెనుక ఎనిమిది చక్రాలకు లగ్ టైర్లు వేసి ఇస్తారనీ డీలరు చెప్పాడు. "నా బండి తిరిగేది క్వారీలో" అని డ్రైవరు లగ్ టైర్లనే ఎంచుకున్నాడు. ఆర్డరు ఫారంలో ఆ సంగతి రాశారు, అదనపు ధర కూడా వసూలు చేశారు. రెండు నెలల తరువాత లారీ వచ్చింది. పది చక్రాలకూ రిబ్ టైర్లే ఉన్నాయి. "టైర్లే కదా, అరిగాక మీకు కావలసినవి వేసుకోండి. అయినా టైర్ల సంగతి టైర్ల కంపెనీ చూసుకోవాలి" అని డీలరు అన్నాడు.

డీలరు చెప్పిన ఈ రెండు మాటలూ చట్టం ముందు నిలుస్తాయా? ఇదే ఈ పాఠంలోని ప్రధాన ప్రశ్న.

2. వస్తువును ముందు అర్థం చేసుకోవాలి

వివాదం ఏ వస్తువు గురించో తెలియకుండా చట్టాన్ని వర్తింపజేయడం సాధ్యం కాదు. రిబ్ టైరు మీద గాడులు టైరు చుట్టూ ఉంటాయి. తారు రోడ్డు మీద ఇవి తేలికగా దొర్లుతాయి, స్టీరింగుకు బాగా లోబడతాయి. లగ్ టైరు మీద గాడులు అడ్డంగా, లోతుగా ఉంటాయి. బురదలో, రాళ్ల దారిలో ఇవి పట్టు ఇస్తాయి, కోతలకు ఎక్కువగా తట్టుకుంటాయి. అయితే హైవే మీద చప్పుడు ఎక్కువ, డీజిలు ఖర్చు కూడా ఎక్కువ. కాబట్టి ఒకటి మంచిది, మరొకటి చెడ్డది అనలేము. ఏ పనికి ఏది అన్నదే తేడా.

సైజు విషయంలో పొరపాటు ఇంకా చిక్కైనది. టైరు పక్క గోడ మీద '295/80 ఆర్ 22.5' అని ఉంటే, వెడల్పు 295 మిల్లీమీటర్లు, ఎత్తు ఆ వెడల్పులో 80 శాతం, 'ఆర్' అంటే రేడియల్, రిమ్ము వ్యాసం 22.5 అంగుళాలు అని అర్థం. దీని మొత్తం వ్యాసం సుమారు 1,043 మిల్లీమీటర్లు. '295/90 ఆర్ 20' టైరు మొత్తం వ్యాసం సుమారు 1,039 మిల్లీమీటర్లు. రెండూ చూపుకు ఒకేలా కనిపిస్తాయి. కాని మొదటిది ట్యూబ్‌లెస్ రిమ్ముకు, రెండవది ట్యూబు వేసే 20 అంగుళాల రిమ్ముకు సరిపోయేవి. ఒకదానికి బదులు మరొకటి వస్తే టైరు మార్చినంత మాత్రాన చాలదు, రిమ్ములు కూడా మార్చాలి. అందువల్ల బండి అప్పగింత సమయంలో టైరును కంటితో చూడడం కాదు, దాని మీద రాసినదాన్ని చదవాలి. స్టెప్నీని కూడా వదలరాదు.

3. టైరు ఒప్పందంలో భాగమా?

కరపత్రంలో ఉన్న బొమ్మ, సేల్స్‌మన్ నోటి మాట, ఆర్డరు ఫారంలోని రాత, ఈ మూడింటికీ ఒకే బలం ఉండదు. ఒప్పందం రాతపూర్వకంగా ఉన్నప్పుడు, అందులోని నిబంధనకు విరుద్ధంగా చెప్పే నోటి సాక్ష్యాన్ని న్యాయస్థానం సాధారణంగా అంగీకరించదు. మన ఉదాహరణలో లగ్ టైర్ల సంగతి ఆర్డరు ఫారంలోనే ఉంది, దానికి విడిగా ధర కూడా కట్టారు. కాబట్టి అది ఒప్పందంలో భాగమే.

రుణంతో కొనేటప్పుడు మరొక పత్రం ముఖ్యం. బ్యాంకు ప్రొఫార్మా ఇన్‌వాయిస్ చూసి డీలరుకు నేరుగా సొమ్ము చెల్లిస్తుంది. ఆ పత్రంలో మోడల్ పేరు మాత్రమే ఉండి టైర్ల ప్రస్తావన లేకపోతే, ఆర్డరు ఫారంకూ దానికీ పొంతన లేదన్న వాదన తలెత్తుతుంది. రెండింటిలోనూ ఒకే వివరం ఉండేలా చూసుకోవాలి.

ఇక "టైర్ల కంపెనీ చూసుకోవాలి" అన్న మాట. టైరులో తయారీ లోపం ఉంటే టైర్ల కంపెనీ ఇచ్చే వారంటీ పనికివస్తుంది. ఇక్కడ టైర్లలో లోపమేమీ లేదు. అవి మంచి టైర్లే, కాని ఆర్డరు చేసినవి కావు. లోపం వేరు, పొంతన లేకపోవడం వేరు. కొనుగోలుదారు ఒప్పందం చేసుకున్నది ఇన్‌వాయిస్ ఇచ్చిన డీలరుతో. ఫ్యాక్టరీలో పొరపాటు జరిగినా కొనుగోలుదారుకు జవాబు చెప్పవలసింది మొదట డీలరే.

4. షరతా, హామీయా?

సెక్షన్ 12 ప్రకారం, ఒప్పందపు ప్రధాన ప్రయోజనానికి అత్యవసరమైన నిబంధన 'షరతు'. దాన్ని ఉల్లంఘిస్తే కొనుగోలుదారు ఒప్పందాన్ని రద్దయినట్లు భావించి సరుకును తిరస్కరించవచ్చు. ప్రధాన ప్రయోజనానికి అనుబంధంగా ఉండే నిబంధన 'హామీ'. దాన్ని ఉల్లంఘిస్తే నష్టపరిహారం మాత్రమే కోరవచ్చు, సరుకును తిరస్కరించరాదు. ఒప్పందంలో ఏ పేరు పెట్టారన్నది ముఖ్యం కాదు. హామీ అని పిలిచినా అది షరతు కావచ్చు.

వర్ణనను బట్టి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలన్నది సెక్షన్ 15 ప్రకారం అంతర్గత షరతు. దీన్ని ఎంత కఠినంగా వర్తింపజేయవచ్చో 1921 నాటి మూర్ వర్సెస్ లాండవర్ కేసు చూపుతుంది. పెట్టెకు 30 డబ్బాల చొప్పున పండ్ల డబ్బాలు ఆర్డరు చేస్తే, సగం దాకా పెట్టెల్లో 24 చొప్పున వచ్చాయి. మార్కెట్ విలువలో తేడా లేకపోయినా, మొత్తం సరుకును తిరస్కరించే హక్కు కొనుగోలుదారుకు ఉందని ఇంగ్లండు న్యాయస్థానం తీర్పు చెప్పింది. అయితే 1976లో రియర్డన్ స్మిత్ కేసులో లార్డ్ విల్బర్‌ఫోర్స్ ఈ తరహా తీర్పులు మితిమీరిన సాంకేతికతతో ఉన్నాయనీ, వాటిని తిరిగి పరిశీలించాలనీ అభిప్రాయపడ్డారు. మన దేశంలో ఇంగ్లండు తీర్పులు మార్గదర్శకాలే గాని తప్పనిసరిగా పాటించవలసినవి కావు.

సెక్షన్ 16(1) మరొక దారి చూపుతుంది. కొనుగోలుదారు తన ప్రత్యేక అవసరాన్ని అమ్మకందారుకు తెలిపి, అతని నైపుణ్యంపై ఆధారపడితే, సరుకు ఆ అవసరానికి తగినట్లు ఉండాలి. "నా బండి తిరిగేది క్వారీలో" అన్న మాట ఇక్కడ విలువ సంతరించుకుంటుంది. ఆ మాట కూడా ఆర్డరు ఫారంలో రాయించి ఉంటే నిరూపణ సులభమవుతుంది.

టైర్ల బ్రాండు మాత్రమే మారి, రకం, సైజు, భారసామర్థ్యం ఒకటే అయితే అది హామీ ఉల్లంఘనగా మిగిలిపోయే అవకాశం ఎక్కువ. బండి ఉద్దేశించిన పనికే పనికిరాకుండా పోతే షరతు ఉల్లంఘన వాదన బలపడుతుంది. మన ఉదాహరణ రెండవ దానికి దగ్గరగా ఉంది.

5. చిన్న అక్షరాల నిబంధన

"ముందస్తు సమాచారం లేకుండా వివరాలు మార్చే హక్కు మాకు ఉంది" అన్న వాక్యం ఆర్డరు ఫారం వెనుక కనిపించవచ్చు. సెక్షన్ 62 ప్రకారం చట్టం కల్పించే అంతర్గత షరతులను పరస్పర అంగీకారంతో తొలగించుకోవచ్చు. కాని అటువంటి నిబంధనలను న్యాయస్థానాలు ఇరుకుగా అర్థం చేసుకుంటాయి. 1925 నాటి బాల్డ్రీ వర్సెస్ మార్షల్ కేసులో, టూరింగుకు అనువైన కారు కావాలన్న వ్యక్తికి డీలరు బుగాటీ కారు అమ్మాడు. అది ఆ పనికి తగినది కాదు. ఒప్పందంలో హామీలను మినహాయించే నిబంధన ఉన్నప్పటికీ, అది షరతులను మినహాయించదని న్యాయస్థానం తేల్చింది. మోడల్‌లో సాధారణ మార్పులకు ఉద్దేశించిన వాక్యం, విడిగా ధర తీసుకున్న ఐచ్ఛికాన్ని ఎగవేయడానికి లైసెన్సు కాదని వాదించవచ్చు.

6. స్వీకారం: హక్కు చేజారే చోటు

ఈ పాఠంలో విద్యార్థులు అన్నిటికంటే జాగ్రత్తగా చదవవలసిన భాగం ఇది. సెక్షన్ 41 కొనుగోలుదారుకు సరుకును పరీక్షించుకునే అవకాశం ఇస్తుంది. సెక్షన్ 42 ప్రకారం మూడు సందర్భాల్లో సరుకును స్వీకరించినట్లవుతుంది: (అ) స్వీకరించానని తెలియజేసినప్పుడు, (ఆ) అప్పగింత తరువాత అమ్మకందారు యాజమాన్యానికి విరుద్ధమైన పని చేసినప్పుడు, (ఇ) తిరస్కరించానని తెలపకుండా సమంజసమైన కాలం దాటేవరకు తనవద్దే ఉంచుకున్నప్పుడు. ఒకసారి స్వీకరిస్తే, విడదీయలేని ఒప్పందంలో షరతు ఉల్లంఘనను హామీ ఉల్లంఘనగా మాత్రమే పరిగణించాలని సెక్షన్ 13(2) చెబుతుంది. అంటే లారీని వెనక్కి ఇచ్చే హక్కు పోయి, పరిహారం కోరే హక్కు మాత్రమే మిగులుతుంది.

అందువల్ల డ్రైవరు లారీని తన పేర రిజిస్టరు చేయించి, లోడు ఎత్తి, నెల తరువాత ఫిర్యాదు చేస్తే తిరస్కరణ దాదాపు అసాధ్యం. రిజిస్ట్రేషనుకు సమర్పించే ఫారం 20లో రవాణా వాహనపు ఇరుసులవారీగా టైర్ల సంఖ్య, వివరణ, సైజు రాస్తారు. వేరే సైజు వచ్చినప్పుడు చదవకుండా అందులో సంతకం చేస్తే, ఆ సంతకమే అతనికి ఎదురు సాక్ష్యమవుతుంది.

ఇలా చేయాలి: డెలివరీ చలానా మీద సంతకానికి ముందే "ఆర్డరు ప్రకారం లగ్ టైర్లు లేవు" అని రాయాలి. టైర్ల పక్క గోడలను ఫొటో తీయాలి. అదే రోజు డీలరుకు లిఖితపూర్వకంగా తెలిపి, సరిచేయడానికి గడువు ఇవ్వాలి. తిరస్కరించదలిస్తే సెక్షన్ 43 ప్రకారం ఆ సంగతి తెలియజేస్తే చాలు. ప్రత్యేక ఒప్పందం లేనప్పుడు, బండిని తానే తీసుకువెళ్లి అప్పగించవలసిన బాధ్యత కొనుగోలుదారుపై లేదు.

ఒక హెచ్చరిక. డీలరు మీద కోపంతో బ్యాంకు కిస్తీ ఆపరాదు. రుణ ఒప్పందం వేరు, విక్రయ ఒప్పందం వేరు. ఒకదాని ఉల్లంఘన మరొకదానికి సాకు కాదు.

7. నష్టపరిహారం లెక్క

లారీని ఉంచుకుని పరిహారం కోరితే, సెక్షన్ 59 ప్రకారం ధరలో తగ్గింపు అడగవచ్చు, లేదా దావా వేయవచ్చు. ఎంత అన్నది భారత కాంట్రాక్టు చట్టం, 1872 లోని సెక్షన్ 73 నిర్ణయిస్తుంది. ఉల్లంఘన వల్ల సహజంగా కలిగే నష్టం, ఒప్పందం నాడే ఇరుపక్షాలకూ తెలిసిన నష్టం మాత్రమే వస్తాయి. దూరపు నష్టాలు రావు.

లెక్క కోసం కొన్ని అంకెలు ఊహిద్దాం. లగ్ టైరు ధర రూ. 24,000, వాడని రిబ్ టైరును మార్పిడికి ఇస్తే వచ్చేది రూ. 20,000.
• ధర తేడా: 4,000 × 8 = రూ. 32,000
• విప్పి బిగించే కూలి: 300 × 8 = రూ. 2,400
• రెండు రోజుల నికర ఆదాయ నష్టం: 3,000 × 2 = రూ. 6,000
• మొత్తం: రూ. 40,400

ఇదే డ్రైవరు మూడు నెలలు ఆ టైర్లతోనే తిప్పి తరువాత మార్చితే, మార్పిడి విలువ పడిపోతుంది. ఆ తగ్గుదలను డీలరు మీద వేయలేడు. నష్టాన్ని తగ్గించుకునేందుకు తన చేతిలో ఉన్న మార్గాలను కూడా లెక్కలోకి తీసుకోవాలని సెక్షన్ 73 వివరణ చెబుతుంది.

8. ఎక్కడికి వెళ్లాలి?

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నవారిని 'వినియోగదారు' నిర్వచనం నుంచి మినహాయించింది. అయితే కేవలం స్వయం ఉపాధి ద్వారా జీవనోపాధి పొందడానికి కొని వాడుకుంటే అది వాణిజ్య ప్రయోజనం కాదు. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు, తానే నడుపుకోవడానికి లారీ కొన్న వ్యక్తి వినియోగదారేననీ, ఒకరిద్దరిని సాయం పెట్టుకున్నంత మాత్రాన ఆ హోదా పోదనీ ఉదాహరణగా చెప్పింది. పూర్తిగా ఇతరుల చేత నడిపించడానికి కొన్నవారికి ఆ రక్షణ లేదు. వారు సివిల్ కోర్టుకు వెళ్లాలి.

2021 డిసెంబరు నాటి నియమాల ప్రకారం, చెల్లించిన ప్రతిఫలం 50 లక్షల రూపాయల వరకు ఉంటే జిల్లా కమిషన్, ఆపైన 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్, అంతకు మించితే జాతీయ కమిషన్ విచారిస్తాయి. ఇక్కడ చూసేది కోరే పరిహారం కాదు, వస్తువుకు చెల్లించిన మొత్తం. మన డ్రైవరు కోరేది 40,400 రూపాయలే అయినా, ఏ కమిషన్ అన్నది లారీ ధరను బట్టి తేలుతుంది. తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. గడువు రెండేళ్లు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి సలహా పొందవచ్చు.

9. సారాంశం

ఆర్డరులో రాసి, ధర తీసుకున్న టైరు ఒప్పందంలో భాగం. అది షరతా, హామీయా అన్నది కొనుగోలు ప్రయోజనాన్ని బట్టి ఉంటుంది. సరుకును స్వీకరించక ముందు కొనుగోలుదారుకు ఉన్న బలం, స్వీకరించిన తరువాత ఉండదు. "అరిగాక వేసుకోండి" అన్న సలహాను పాటిస్తే చేజారేది ఆ బలమే. జీవనాధారమంతా ఒక్క బండి మీద పెట్టిన వ్యక్తికి, చలానా మీద సంతకానికి ముందు వెచ్చించే అరగంట చాలా విలువైనది.

10. నమూనా పరీక్ష ప్రశ్నలు

I. సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. షరతుకూ హామీకీ గల భేదాలు తెలపండి.
2. సెక్షన్ 42 ప్రకారం స్వీకారం ఏయే సందర్భాల్లో జరుగుతుంది?
3. సరుకులో లోపానికీ, ఆర్డరుకు పొంతన లేకపోవడానికీ తేడా ఏమిటి?

II. వ్యాసరూప ప్రశ్నలు
1. ట్యూబ్‌లెస్ టైర్లు ఆర్డరు చేసిన వ్యక్తికి ట్యూబు టైర్లున్న లారీ వచ్చింది. అతను దాన్ని రిజిస్టరు చేయించి పది రోజులు నడిపాడు. అతని హక్కులను చర్చించండి.
2. ఐదు లారీలు కొని, డ్రైవర్లతో నడిపించే యజమానికి పై పాఠంలోని ఏయే పరిష్కారాలు వర్తిస్తాయో, ఏవి వర్తించవో కారణాలతో వివరించండి.