సరిపాలు - మెదడు తీర్పు

సింగరాయకొండ ప్రాంతపు మిరపచేనిలో ఇద్దరు స్త్రీలు కోతకు దిగిరనుకొందము. ఇద్దరును చెరి నాలుగు గంపలు నింపిరి. సాయంకాలమున ఒకామెకు నాలుగు వందల రూపాయలు, రెండవ ఆమెకు మూడు వందలు ముట్టెను. ఆ మూడు వందలు నిన్నటి కూలికంటె ఎక్కువయే కావచ్చును. అయినను ఆమె మనస్సు కలతపడును. ఎందువలన?

దీనిని పరీక్షించుటకు 1982లో జర్మనీ ఆర్థికవేత్తలు ఒక ఆట కల్పించిరి. ఒకరికి కొంత సొమ్మిచ్చి, మరియొకరితో పంచుకొమ్మందురు. రెండవవారు తమ వాటాకు ఒప్పుకొన్నచో పంపకము సాగును. కాదన్నచో ఇద్దరికిని శూన్యము. ఏమియు లేకుండుటకంటె ఒక్క రూపాయియైనను మేలు గదా! కాని మరీ తక్కువ వాటాను అనేకులు త్రోసిపుచ్చుదురు.

2003లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున 19 మందిని ఎం.ఆర్.ఐ. యంత్రములో పరుండబెట్టి ఈ ఆట ఆడించిరి. పది డాలర్లలో ఒకటి రెండు మాత్రమే చూపినపుడు మెదడు మడతల లోపల దాగియుండు ‘ఇన్సులా’ యను భాగము చురుకుగా పనిచేసెను. నొప్పికి, ఏవగింపునకు స్పందించునదియు నిదియే. ‘కడుపు మండినది’ అని మనవారనుట వట్టి అలంకారము కాదన్నమాట. నుదుటి వెనుక ప్రక్కగా నుండు మరియొక భాగము లాభమును చూపి సర్దిచెప్పుచున్నదని ఆ శాస్త్రజ్ఞులు ఊహించిరి.

2006లో జ్యూరిచ్ పరిశోధకులు ఆ రెండవ భాగపు కుడివైపును అయస్కాంత స్పందనలతో కొంతసేపు మందగింపజేసిరి. ఊహ నిజమైనచో తిరస్కారములు పెరుగవలెను. తగ్గినవి! ‘ఇది అన్యాయము’ అని చెప్పుచునే వారు ఆ స్వల్పపు వాటాను పుచ్చుకొనిరి. తీర్పు చెడలేదు; దానిని చెల్లించుకొను బలము సడలినది. మాకు ఇదియే ముఖ్యముగా తోచుచున్నది. మూడు వందలతో మౌనముగా ఇల్లు చేరిన ఆమె తృప్తిపడినదని మేస్త్రీ అనుకొనరాదు. ఆమె మెదడును ఎవరును మందగింపజేయలేదు. ఇంటి పొయ్యి అడ్డువచ్చినది.

ఈ బుద్ధి పసితనముననే మొలకెత్తును. ఏడు దేశములలో 4 నుండి 15 ఏండ్ల పిల్లలను 866 జంటలుగా పరీక్షించి 2015లో ఫలితములు ప్రకటించిరి. భారతదేశమునుండి పాల్గొన్నది ఆంధ్రప్రదేశ్ పల్లె పిల్లలే. తమకు తక్కువ తీపి వచ్చినచో, ఇద్దరికిని దక్కకున్నను సరేయని కాదన్న పిల్లలు అన్ని దేశములందును ఉండిరి. తమకు ఎక్కువ వచ్చినపుడును వద్దనుట కెనడా, అమెరికా, ఉగాండాలలో, అదియు పెద్ద పిల్లలలోనే కనబడెను. తినుబండారమును నేలపాలు చేయరాదని పెంచిన ఇండ్లలో ఇది న్యాయబుద్ధి కొరతయో, తిండిపై గౌరవమో ఈ ఆట వలన తేలదు.