లేనిది సున్నా కాదు

ఫోనులో ఏదో యాప్ తెరుస్తాం. వేలు తగలగానే తటాలున మూసుకుపోతుంది. మనమే ఏదో తప్పు నొక్కామని నొచ్చుకుంటాం. చాలాసార్లు తప్పు మనది కాదు, ప్రోగ్రాం రాసినవారిది.

యాప్‌లో ఒక్కొక్క పని చేసిపెట్టేదాన్ని మెథడ్ అంటారు. వంటకు దినుసులు అందించినట్టే దానికి అందించేవి పారామీటర్లు. అందవలసింది అసలు అందకపోతే అది 'నల్'. ఖాళీ జాడీ వేరు, జాడీయే లేకపోవడం వేరు గదా! లేని జాడీకి మూత తీయబోయినప్పుడే యాప్ కూలబడుతుంది. ఈ నల్‌ను 1965లో ప్రవేశపెట్టిన టోనీ హోర్ అనే శాస్త్రజ్ఞుడే, 2009లో దాన్ని తన వందకోట్ల డాలర్ల పొరపాటు అని ఒప్పుకున్నారు.

మా అమ్మాయి తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు చదువుతోంది. ఆకివీడులో ఉన్న మా పిన్నికోసం షుగరు లెక్క రాసుకునే చిన్న యాప్ చేసిపెట్టింది. మొన్న పిన్ని ఏలూరు వచ్చి ఫోను చూపించింది. సోమవారం 180, మంగళవారం 220, బుధవారం పరీక్ష చేసుకోలేదు. యాప్ చెప్పిన సగటు 133! "తగ్గిందే, ఇక మాత్ర మానెయ్యనా?" అంటోంది పిన్ని. మా అమ్మాయికి గుండె జారిపోయింది. యాప్ ఆగిపోకూడదని, అంకె అందకపోతే సున్నా వేసుకోమని రాసిందట. అసలు సగటు 200.

మరేం చేయాలి? మొదటిది, మెథడ్ గుమ్మంలోనే చూసుకోవాలి. కొల్లేటి చేపల లారీకి ఐసు చాలిందా అని బయలుదేరేముందు చూస్తారు గాని సగం దారిలో చూడరు గదా! పని సగంలో ఆగితే డబ్బు కోతపడి, ఆర్డరు మాత్రం నమోదుకాకుండా పోవచ్చు.

రెండోది, ఏది తప్పనిసరో, ఏది లేకున్నా సాగుతుందో ముందే తేల్చుకోవాలి. పులుసులో ఇంగువ లేకపోయినా ఫరవాలేదు, ఉప్పు లేకపోతే కుదరదు. తప్పనిసరిది అందకపోతే, ఫలానాది లేదని పేరుపెట్టి చెప్పి పని ఆపాలి. 2017లో గూగుల్ ఆండ్రాయిడ్‌కు అంగీకరించిన కోట్లిన్ భాషలో ఈ తేడా రాతలోనే ఉంటుంది. రకం పక్కన ప్రశ్నార్థకం ఉంటేనే నల్ చెల్లుతుంది. ఆ గుర్తు ఉన్నచోట, ఉందో లేదో చూసుకోకుండా వాడబోతే కంపైలరే అడ్డుపడుతుంది.

మూడోది, లేనిచోట సున్నా పెట్టి కప్పిపుచ్చకూడదు. ఆగిపోయిన యాప్‌ను అందరూ చూస్తారు, అబద్ధపు లెక్కను ఎవరూ గమనించరు.

ఇప్పుడు పిన్ని ఫోనులో బుధవారం ఎదురుగా "చూడలేదు" అని ఉంది. సగటు రెండురోజులకే కడుతోంది. మాత్ర మానాలా వద్దా అన్నది మాత్రం డాక్టరుగారినే అడగమన్నాం.