తెల్లబోయిన బంపరుకు కొబ్బరినూనె చాలునా?

అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు పాత మారుతి 800 కార్లు నేటికీ తిరుగుతున్నాయి. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన ఆ కారు తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. ఇంజను బాగున్నా, నల్లని బంపర్లు బూడిదరంగుకు తిరిగితే అమ్మబోయే కుటుంబానికి ధర పలకదు.

ఉప్పుగాలిని నిందిస్తాం గాని, అది తినేది ఇనుమును. ప్లాస్టిక్ పైపొరను పొడిబార్చేది ఎండలోని అతినీలలోహిత కిరణాలు.

మన ఇళ్లలో కొబ్బరినూనెకు కొదువలేదు గనుక ముందు దానినే రాస్తాం. నిగనిగలాడుతుంది, నిజమే. ఆపైన దుమ్మంతా పట్టి, వాన పడగానే చారలు కడుతుంది. వేడిగాలి మిషనుతో కాల్చినా నలుపు తేలుతుంది. అయితే వేడి కాస్త ఎక్కువైతే బంపరే వంకరపోతుంది. ఇంట్లో ఆ పని వద్దని మా మనవి.

నిలిచేది రంగే. ముందు రాసిన నూనె జిడ్డు పూర్తిగా వదిలేదాకా సబ్బునీళ్లతో, బ్రష్షుతో కడగాలి. ఆరిన తరువాత సన్నని వాటర్ పేపరుతో రుద్ది, ప్లాస్టిక్‌కు వాడే ప్రైమరు, దానిపై నల్లరంగు పలుచగా రెండు పూతలు వేయించాలి. ప్రైమరు మానితే రంగు పెచ్చులూడుతుంది, దగ్గరుండి చేయించండి.

తరువాత బండిని నీడన ఉంచండి. కొబ్బరిచెట్టు క్రింద మాత్రం వద్దు!