చక్రాలకు దూరంగా ఒక బ్రేకు డ్రమ్ము

పాతకాలపు పెద్ద అమెరికన్ మోటార్ హోమ్ కొన్నవారు దాని కిందికి దూరి చూస్తే ఒక డ్రమ్ము తికమకపెడుతుంది. బ్రేకు డ్రమ్ము చక్రంలో ఉండాలి కదా! ఇదేమో గేర్‌బాక్స్ వెనక, ప్రొపెల్లర్ షాఫ్టు మొదట్లో ఉంటుంది. దాన్ని లాగడానికి ఒక కేబులు, ఆ కేబులు కొసన ఒక డబ్బా, ఆ డబ్బాకు ఆయిల్ గొట్టం.

ఇదేమిటో తేల్చాలంటే గొట్టం వెంట వెళ్లాలి. కాలిబ్రేకు గొట్టాలు మాస్టర్ సిలిండర్ నుంచి నాలుగు చక్రాలకూ పోతాయి. ఈ గొట్టం మాత్రం అటు పోదు. కొన్ని బళ్లలో పవర్ స్టీరింగ్ పంపు దగ్గర, తరువాతి మోడళ్లలో విడిగా పెట్టిన విద్యుత్ పంపు దగ్గర తేలుతుంది. అంటే ఇది కాలిబ్రేకుది కాదు, పార్కింగ్ బ్రేకుది. జనరల్ మోటార్స్ పీ-30 ఛాసిస్ మీద కట్టిన చాలా మోటార్ హోమ్‌లలో ఉండే ఈ ఏర్పాటు పేరు 'ఆటో పార్క్'.

అసలు కీలకం ఆ డబ్బాలో ఉంది. లోపల బలమైన స్ప్రింగు. ఆయిల్ ఒత్తిడి పనిచేసేది బ్రేకు వేయడానికి కాదు, తీయడానికి. ఒత్తిడి ఉన్నంతసేపూ స్ప్రింగు అణిగి ఉంటుంది. పోగానే సాగి బ్రేకు పట్టేస్తుంది. తెలియని బ్రేకు భాగం ఏది కనబడినా నేను ముందుగా అడిగే ప్రశ్న ఇదే: ఒత్తిడి పోతే ఇది పట్టుకుంటుందా, వదిలేస్తుందా? జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో చేసిన మొదటి రైలు ఎయిర్ బ్రేకులో గొట్టం తెగితే బ్రేకే ఉండేది కాదు. 1872లో ఆయన ఆ పద్ధతిని తిరగేశాడు: గొట్టంలో గాలి తగ్గితే బ్రేకు పడుతుంది. ఎయిర్ బ్రేకులున్న మన బస్సులు, లారీల్లో పార్కింగ్ బ్రేకు పట్టేదీ స్ప్రింగే, వదిలించేది గాలి.

డ్రమ్మును షాఫ్టు మీదే ఎందుకు పెట్టారు? షాఫ్టు నాలుగున్నర సార్లు తిరిగితే చక్రాలు ఒకసారి తిరుగుతాయనుకోండి. అప్పుడు షాఫ్టును పట్టిన పట్టు ఇరుసు దగ్గర నాలుగున్నర రెట్లవుతుంది. టన్నుల బరువును ఒక్క డ్రమ్ము ఆపగలిగేది అందుకే. పాత విల్లీస్ జీపుల హ్యాండ్ బ్రేకు కూడా ఇలా షాఫ్టునే పట్టేది.

ఈ ఏర్పాటులోని ప్రమాదం మాత్రం తప్పక తెలిసి ఉండాలి. వెనక చక్రం ఒకదాన్ని జాకీతో లేపితే, షాఫ్టు బిగిసి ఉన్నా డిఫరెన్షియల్ వల్ల లేచిన చక్రం వెనక్కి తిరుగుతుంది, నేల మీదున్నది ముందుకు దొర్లుతుంది. బండి కదిలిపోతుంది. షాఫ్టు విప్పితే మరీ ఘోరం: డ్రమ్ముకూ చక్రాలకూ సంబంధమే తెగిపోతుంది. కిందికి దూరేముందు నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా గట్టి దిమ్మలు అడ్డం పెట్టాల్సిందే. లోపల నొక్కిపెట్టిన స్ప్రింగు ఉంది కనుక డబ్బా మూత విప్పకూడదు.

ఇక రోడ్డు మీద. ఆయిల్ మెల్లగా కారిపోతుంటే స్ప్రింగు కొద్దికొద్దిగా సాగి, బండి నడుస్తుండగానే బ్రేకు షూలు డ్రమ్మును రాసుకుంటాయి. బండి అడుగు నుంచి కాలిన వాసన వస్తే బండి ఆపి చూడాలి. గేర్‌బాక్స్ వెనక సీలు కారినా ఆ నూనె డ్రమ్ములోకి చేరి షూలు జారతాయి. అందుకే పాత బండిని పరీక్షించేటప్పుడు గొట్టంతో పాటు ఆ సీలు కూడా చూడాలి.