విజేత పుట్టిన నేల, విముక్తి దిగిన తీరము

ఫ్రాన్సు దేశపు వాయవ్యభాగమున, ఇంగ్లీషు ఛానలు నానుకొని, ఆపిలు తోటలతోను పచ్చిక బయళ్లతోను ఒప్పారుచున్న నార్మండీ సీమను చూడబోవువారు రెండు సముద్రయానములను మనస్సున నిలుపుకొనవలెను. 1066లో ఈ సీమ ప్రభువగు విలియము నావలనెక్కి ఇంగ్లండును జయించెను. 1944లో ఆ ఇంగ్లండునుండియే నావలు వచ్చి ఈ సీమను నాజీల చెరనుండి విడిపించినవి. ఈ రెంటిని కలిపి చూచినప్పుడే నార్మండీ మనకు అవగతమగును.

మొదటి యానమునకు సాక్ష్యము బాయో పట్టణమందలి కుట్టుచిత్రము. సుమారు 70 మీటర్ల పొడవుగల నారబట్టపై రంగు రంగుల ఉన్నిదారములతో, చెట్లు నఱకి నావలు కట్టుటయు, గుఱ్ఱములు నావల అంచులపైనుండి తలలు సాచి చూచుచు కడలి దాటుటయు, ఆకాశమున తోకచుక్క పొడముటయు, తుదకు హేస్టింగ్సు రణరంగమును, తొమ్మిది శతాబ్దములు గడచినను కన్నులకు కట్టునట్లు కుట్టియున్నారు. దానిని భద్రపఱచిన మ్యూజియము నవీకరణమునకై 2025 సెప్టెంబరులో మూయబడినది కావున, యాత్రికులు తెఱచు దినమును ముందుగా విచారించుకొనుట మేలు.

రెండవ యానమునకు సాక్ష్యము సాగరతీరమే. 1944 జూన్ 6వ తేదీన యూటా, ఒమాహా, గోల్డు, జూనో, స్వోర్డు అను సంకేతనామములుగల ఐదు తీరములయందును, వాని వెనుకనున్న పొలములయందును, నావలనుండియు విమానములనుండియు మిత్రరాజ్యముల సైనికులు సుమారు 1,56,000 మంది దిగిరి. రేవుపట్టణములు శత్రువుల చేతులలో నున్నందున, బ్రహ్మాండమైన కాంక్రీటు పెట్టెలను ఛానలు మీదుగా లాగుకొనివచ్చి అరోమాంషు ఎదుట ఒక కృత్రిమ నౌకాశ్రయమునే నిర్మించిరి. వాని శిథిలములు నేటికిని అలల నడుమ నిలిచియున్నవి.

ఒమాహా తీరమునకు ఎగువనున్న అమెరికా సైనికుల శ్మశానవాటికలో 9,300లకు పైగా తెల్లని పాలరాతి చిహ్నములు బారులుతీరియున్నవి. మృతుని బంధువు లరుదెంచినప్పుడు, క్రిందనున్న తీరమునుండి తెచ్చిన తడి యిసుకను రాతిపై చెక్కిన అక్షరములలో మెత్తుదురు. అప్పుడు తెలుపులో మఱుగుపడిన పేరు స్పష్టముగా కనబడును. లాకాంబు గ్రామమందలి శ్మశానవాటికలో 21,000లకు పైబడి జర్మను సైనికులు నిద్రించుచున్నారు. దానిని గూడ చూడక మరలరాదు. యుద్ధమన నేమో ఆ రెండవ వాటిక మఱింత గట్టిగా చెప్పును. బాయోలోని బ్రిటిషు స్మారకముపై లాటిను భాషలో చెక్కిన వాక్యము, విలియమునకు నాడు లొంగినవారమే నేడు ఆ విజేత జన్మభూమిని విడిపించితిమను భావము గలది.

విముక్తికి నార్మండీ ప్రజలు చెల్లించిన మూల్యము సామాన్యము కాదు. బాంబుల వర్షమునకు కాన్ నగరము చాలభాగము నేలమట్టమయ్యెను; వేలకొలది పౌరులు, విలియము సమాధిగల ప్రాచీన మఠమును దాని పరిసర భవనములను ఆశ్రయించి ప్రాణములు దక్కించుకొనిరి. ఆ వేసవిలో ఈ సీమయందు మరణించిన పౌరులు సుమారు 20,000 మంది యని చరిత్రకారుల అంచనా. 1988లో కాన్‌లో తెఱచిన స్మారక మ్యూజియము ఈ కథనంతయు వివరించును.

పడమట మోన్ సాన్ మిషెల్ మఠము, సముద్రమధ్యమున శిలాశిఖరముపై వెలసియున్నది. అచట పోటుపాటుల భేదము 14 మీటర్ల వఱకు నుండును గావున, మార్గదర్శి లేక ఇసుకమేటలపై నడచుట ప్రాణాపాయకరము.

ఇక ఈ నేల పెట్టు అన్నమును రుచిచూడక యాత్ర పూర్తికాదు. కామాంబేరు చీజును చేయు సంప్రదాయ పద్ధతిలో, పేరుకొన్న పచ్చిపాలను చిల్లులుగల అచ్చులో ఒక గరిటెడు పోసి, నీరు కారి అది క్రుంగువఱకు వేచి, మరల మఱియొక గరిటెడు పోయుదురు. ఇట్లు నాలుగైదు మారులు. తొందరపడినచో ఆ మెత్తదనము రాదు. ఆపిలు రసమును పులియబెట్టి సిడరును, దానిని బట్టిపట్టి ఓకు పీపాలలో రెండేండ్లకు తక్కువ కాకుండ నిలువయుంచి కల్వడోసును చేయుదురు. సైనికులు నెత్తురోడ్చిన యూటా తీరమున నేడు జాలరులు ఆల్చిప్పలను పెంచుచున్నారు.

పారిసునుండి ఒక్క పగటిలో వచ్చి పోవు యాత్రగా దీనిని కుదింపవలదు. ఉదయము సమాధుల నడుమ గడపి, మధ్యాహ్నము పల్లెపట్టున సంతలో భుజించి, సాయంకాలము తీరమున నడచుటకు తీరిక యుంచుకొనుడు. మృతులను స్మరించుచునే జీవితమును ప్రేమించు నేర్పు ఈ సీమ జనులవద్ద నేర్వదగినది.